గాజుపలక మీద పత్తర్‌గట్టి



పాత ఫోటోల గురించి రేడియోలో మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లో నవ్వారు. "చూడాల్సినవాటిని వినిపిస్తావా?" అన్నారు. నిజమే. కానీ నాకిందులో ఒక లాభం కనిపించింది. ఫోటో చేతిలో పెడితే ఎవరైనా రెండు క్షణాలు చూసి, "అబ్బ, ఎంత బాగుండేదో" అని తిరిగి ఇచ్చేస్తారు. ఇక్కడ ఆ వీల్లేదు. నేను చెప్పినంతసేపూ మీరు చూడాల్సిందే.

ముందు చోటు చెబుతాను. హైదరాబాదులో అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ మీద నయాపూల్ ఉంది కదా. నయా అంటే కొత్త. పురానాపూల్ 1578 నాటిది, ఇది ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో 1860 ప్రాంతంలో కట్టింది. అందుకని ఇది కొత్తదయింది, నూట అరవై ఏళ్ళయినా కొత్తదిగానే ఉండిపోయింది. ఆ వంతెన దాటి దక్షిణంగా నడిస్తే మదీనా చౌరస్తా, తర్వాత పత్తర్‌గట్టి, మచ్లీ కమాన్, గుల్జార్‌హౌజ్, ఎదురుగా చార్మినార్. అంతా కలిపి కిలోమీటరు పైచిలుకు. రద్దీ లేని వేళ పావుగంట నడక. పండగ ముందు సాయంత్రమైతే ఎంతసేపో నేను చెప్పలేను. పాత ఫోటోల్లో ఈ దారి కనపడినంతగా హైదరాబాదులో మరే దారీ నాకు కనపడలేదు.

ఈమధ్య ఫోన్లలో జంట ఫోటోలు తిరుగుతున్నాయి, మీకూ వచ్చే ఉంటాయి. ఎడమపక్క నలుపు తెలుపు చార్మినార్. రెండు మూడు ఎడ్లబండ్లు, నలుగురైదుగురు తలపాగాల మనుషులు, మిగతాదంతా ఖాళీ నేల. కుడిపక్క రంగుల చార్మినార్. ఆటోలు, తోపుడుబండ్లు, బ్యానర్లు, తీగలు, గొడుగులు. కింద ఒక నిట్టూర్పు. మనమే పాడుచేశాం అన్నట్టు.

ఆ నిట్టూర్పుతో నాకు చిన్న పేచీ ఉంది. ఆ ఖాళీలో సగం కెమెరా చేసిన ఖాళీ.

అప్పటి కెమెరా సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి. పెద్ద చెక్కపెట్టె, దానికి మూడుకాళ్ళ పీట, లోపల గాజుపలక. ఆ పలక మీద బొమ్మ పడటానికి కాస్త వ్యవధి కావాలి. ఆ వ్యవధిలో కదలకుండా ఉన్నది స్పష్టంగా పడుతుంది. మెల్లగా కదిలింది మసకేస్తుంది. చురుగ్గా నడిచి వెళ్ళిపోయినవాడు ఒక్కోసారి అసలే పడడు. గోడ పడుతుంది, మినారు పడుతుంది, అరుగు మీద కూర్చుని హుక్కా పీల్చే పెద్దమనిషి పడతాడు. నెత్తిన గంపతో వేగంగా పోతున్నామె పడదు. పనిలేనివాళ్ళు చరిత్రలో మిగిలి, పనున్నవాళ్ళు మాయమయ్యారన్నమాట. రంగుల విషయమూ అంతే. ఆ పలకలకు నీలం బాగా అందేది, ఎరుపు అందేది కాదు. ఆకాశం ఎప్పుడూ వెల్ల వేసిన గోడలా ఉంటుంది, మబ్బు ఉండదు. ఎర్ర తలపాగా నల్లగా పడుతుంది. కాబట్టి పాత ఊరు రంగు లేకుండా, గంభీరంగా ఉండేదని మనకు అనిపిస్తే ఆ తప్పు పాత ఊరిది కాదు.

రెండో సంగతి, ఆ ఫోటో ఎవరి కోసం తీశారన్నది. ఇక్కడ రాజా దీన్‌దయాళ్ పేరు చెప్పక తప్పదు. మేరఠ్ దగ్గర సర్ధనాలో 1844లో పుట్టారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదువుకుని, ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణశాఖలో నక్షాలు గీసే ఉద్యోగం చేస్తూ కెమెరా పట్టారు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్ అయ్యారు, సికిందరాబాదులో స్టూడియో పెట్టారు, 1894లో ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు అందుకున్నారు. ముసవ్విర్ అంటే బొమ్మలు వేసేవాడు. నక్షాలు గీసిన చేయి కాబట్టి ఆయన ఫోటోల్లో గీత వంకరపోదు. కమాను సరిగ్గా నడిమధ్యన ఉంటుంది, మినార్లు నిట్టనిలువుగా ఉంటాయి. వాటిని చూసేది నవాబులు, వైస్రాయిలు, వాళ్ళ అతిథులు. అతిథికి చూపించే ఇంట్లో మనం ఏం చేస్తాం? ఆరేసిన బట్టలు తీసేస్తాం, చెప్పులు సర్దుతాం. ఆ ఆల్బములు అలా సర్దిన ఇల్లు. ఇవాళ ఫోన్లో పక్కన పెట్టే రంగుల ఫోటోనేమో సర్దకముందు తీసింది. రెండింటినీ పోల్చి బాధపడటం ఏం న్యాయం?

ఇంకో తమాషా చెబుతాను. ఒక టిఫిన్ హోటల్ గోడ మీద పెద్ద చార్మినార్ ఫోటో చూశాను. కింద అందంగా రాశారు, 'హైదరాబాద్, 1850' అని. ఇడ్లీ వచ్చేలోగా దాన్నే చూస్తూ కూర్చున్నాను. చార్మినార్ కమాను మీద గడియారం స్పష్టంగా ఉంది. ఆ గడియారాలు పెట్టింది 1889లో. ఇంకాస్త పక్కకు చూస్తే ఒక స్తంభం, దాని నుంచి తీగలు. హోటలాయనకు చెబుదామనుకుని, కొబ్బరి చట్నీ బాగుండటంతో ఊరుకున్నాను. మీరు కూడా ఎక్కడైనా పాత చార్మినార్ ఫోటో కనిపిస్తే ముందు గడియారం కోసం వెతకండి. అది లేకపోతే 1889కి ముందుది, ఉంటే తర్వాతది. ఆ ఒక్క గుర్తుతో చాలా కాలెండర్లు అబద్ధాలాడుతున్నాయని తెలిసిపోతుంది. అలాగే 1908 మూసీ వరద ఫోటోల కింద దీన్‌దయాళ్ తీసినవి అని రాసి ఉంటే కాస్త ఆగండి. ఆయన 1905లోనే పోయారు.

వరద మాట వచ్చింది కనుక ఇక్కడ కొంచెంసేపు నిలబడదాం.

1908 సెప్టెంబరు 28. ఆ రోజు తర్వాత తీసిన నయాపూల్ ఫోటోలు చూస్తే మొదట అర్థం కాదు, ఏది వంతెన, ఏది ఒడ్డు అని. తెగిన కమానులు, ఆ తెగిన అంచుల దగ్గర నిలబడి కిందికి చూస్తున్న జనం. ఇందాక చెప్పాను కదా, కదిలేవాళ్ళు మసకేస్తారని. ఈ ఫోటోల్లో చాలామంది స్పష్టంగా పడ్డారు. కాళ్ళు ఆడక నిలబడిపోయిన జనం వాళ్ళు. నదివైపు వీధులు వీధులే లేవు, కప్పులేని గోడలు, గోడలేని గుమ్మాలు. పోయినవాళ్ళు దాదాపు 15,000 మంది అంటారు. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రి పేరు మనందరం విన్నదే. అక్కడ కోటగోడ బురుజు ఒకటుండేది. ఎత్తుగా ఉంది కదా అని వందలమంది దాని మీదికెక్కారు. నీళ్ళు బురుజునే తీసుకుపోయాయి. రుబాయీల కవి అమ్జద్ హైదరాబాదీ ఆ వరదలో తల్లినీ, భార్యనీ, కూతురినీ పోగొట్టుకుని తానొక్కడూ బయటపడ్డాడు. అవతలి ఒడ్డున ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టుంది. దాని కొమ్మలు పట్టుకుని 150 మంది బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆసుపత్రికి వచ్చినవాళ్ళు ఎండకు దాని నీడన కూర్చుంటారు, డబ్బాలు విప్పుకుని అన్నాలు తింటారు.

చార్మినార్ ఫోటోలు వంద చూసినా నాకు ఊరు అర్థం కాలేదు. ఈ వరద ఫోటోలు చూశాక అర్థమైంది. ఎందుకంటే ఇవాళ మనం పాతబస్తీ అని మురిసిపోయే చూపులో చాలా భాగం ఈ వరద తర్వాత కట్టిందే.

ఎలాగో చూడండి. వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఎగువన చెరువులు కట్టి నీళ్ళను ఆపాలన్నారాయన. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో, ఏడో నిజాం కాలంలో, నగరాభివృద్ధి మండలి పెట్టారు. జనం నోట్లో అది ఆరాయిష్-ఎ-బల్దా. ఆరాయిష్ అంటే అలంకారం. నది ఒడ్డులు కట్టారు. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు వాస్తుశిల్పి నక్షాలతో దక్షిణపు ఒడ్డున హైకోర్టు, ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి లేచాయి. ఇరుకు వీధులు వెడల్పు చేశారు. పత్తర్‌గట్టి రోడ్డు ఆ పనిలోదే. రెండు పక్కలా గ్రానైటు రాతి కమానులు, కింద దుకాణాలు, పైన గదులు, వాన పడినా తడవకుండా, ఎండ కాసినా మాడకుండా నడిచే వరండాలు. పేరులోనే పత్తర్ ఉంది, అంటే రాయి.

ఇప్పుడు చార్మినార్ పైనుంచి ఉత్తరానికి చూస్తూ 1880లలో తీసిన ఫోటో ఒకటి ఊహించుకోండి. దగ్గరగా గుల్జార్‌హౌజ్, చుట్టూ నాలుగు కమానులు, వాటిలో అవతలిది మచ్లీ కమాన్. ఆ కమాను దాటాక మనం ఎరిగిన పత్తర్‌గట్టి అందులో లేదు. తగ్గు కప్పుల దుకాణాలు, ముందుకు వాలిన చూరులు, వాటి వెనక చెట్ల తలలు. మనం 'అయ్యో, ఈ రాతి కమానులు పాడైపోతున్నాయే, పాత అందం పోతోందే' అనుకునే చోట, ఆ అందం రావడానికి కూలగొట్టిన ఇంకో పాత ఊరు ఉంది. ఆ చూరుల కింద పొద్దస్తమానం కూర్చున్నవాళ్ళు ఎక్కడికి పోయారో ఏ ఫోటో చెప్పదు. రాతి వరండాను చూసి ఆరోజుల్లో ఎవరో ముసలాయన "పాత బజారు కళే వేరు" అని ఉంటాడు, నాకు సందేహం లేదు.

అలాగని అన్నీ మార్పులే, పోనివ్వండి అనటం లేదు. పోయినవాటిలో నాకు మింగుడుపడనివి ఉన్నాయి. ఈ ఊరి కోటగోడకు 13 దర్వాజాలుండేవి. నయాపూల్ దాటగానే ఊళ్ళోకి తీసుకుపోయేది అఫ్జల్ దర్వాజా. ఇవాళ ఆ పదమూడింటిలో మిగిలినవి రెండు, దబీర్‌పురా దర్వాజా, పురానాపూల్ దర్వాజా. మిగతావాటికి ఫోటోలే దిక్కు. వాటిని వరద తీసుకుపోయింది కొంత, మనుషులు తీసేసింది కొంత. దివాన్ దేవ్‌డీ సంగతి ఇంకా బాధ. సాలార్‌జంగ్‌ల మహలు అది, పత్తర్‌గట్టి పక్కనే. 1951 డిసెంబరులో నెహ్రూ వచ్చి సాలార్‌జంగ్ మ్యూజియం మొదట ప్రారంభించింది ఆ మహల్లోనే. 1968లో వస్తువులన్నీ నది ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారాయి. ముసుగు వేసుకున్న రెబెక్కా శిల్పం భద్రంగా ఉంది, గంట కొట్టే గడియారం భద్రంగా ఉంది, దాని ముందు గంట గంటకూ జనం పోగవుతారు. అవి ఉన్న ఇల్లు మాత్రం లేదు. దాని గేట్లు నిలబడ్డాయి. వాటి కిందుగా లోపలికి వెళ్తే బట్టల దుకాణాలు.

మా ఇంటి ఫోటో ఒకటి చెప్పాలనిపిస్తోంది. అందులో మా నాన్న, మేనత్త, ఒక రేకు ట్రంకు పెట్టె. వెనకాల పెద్ద గుమ్మటం లాంటి ఇనుపరేకుల కప్పు. అది గౌలిగూడ బస్టాండు. నయాపూల్‌కు ఈవలే. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టింది, ఆ తర్వాత తరతరాలుగా జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు ఊళ్ళో మొదట కాలు పెట్టింది ఆ రేకుల కిందే. మా నాన్నా అక్కడే దిగాడు. ఆయన ఆ ఫోటో చూపించినప్పుడల్లా ట్రంకు పెట్టె గురించే చెప్పేవాడు, తాళం పోయిందని, అత్త తిట్టిందని. వెనక కప్పు గురించి ఒక్కసారీ అనలేదు. 2018 జులైలో ఒక పొద్దున ఆ కప్పు మొత్తం కూలిపోయింది. అదృష్టం, ఆ ముందు రోజుల్లోనే లోపలి బస్సులు తీసేశారు. నేను ఆ సాయంత్రం అల్మారాలోంచి ఫోటో తీశాను. అప్పటిదాకా అది నాన్న ఫోటో. ఆరోజు నుంచి అది బస్టాండు ఫోటో కూడా అయింది.

ఇక అన్నిటికంటే పెద్ద మార్పు, ఏ జంట ఫోటో కిందా ఎవరూ రాయనిది. పాత ఫోటోల్లో ఈ దారిలో ఆడవాళ్ళను లెక్కపెట్టండి. గంప నెత్తినున్న కూలితల్లి ఎక్కడో ఒకరు, మసకగా. మిగతా అందరూ మగవాళ్ళే. దుకాణం పెట్టినవాడు, కొనేవాడు, ఊరికే నిలబడి కెమెరాను చూసేవాడు. ఆడవాళ్ళను ఫోటో తీయాలంటే పరదా అడ్డం. దీన్‌దయాళ్ 1892లో అందుకోసమే ఒక జెనానా స్టూడియో తెరిచి, ఒక ఇంగ్లీషు ఆవిడకు అప్పగించారు. గోడల మధ్య, మగమనిషి కన్ను పడకుండా. ఇప్పుడు చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌కు వెళ్ళండి. లక్కగాజుల దుకాణాల ముందు ఇంత కూడా సందు ఉండదు. బుర్ఖాలో ఉన్నామె, చీరకొంగు నడుముకు దోపుకున్నామె, జీన్సు వేసుకున్న పిల్ల, ముగ్గురూ ఒకే గాజుల పెట్టె మీద వంగి బేరం చేస్తుంటారు. "ఆఖరి మాట చెప్పు భయ్యా" అని ఒకరు, "పక్క దుకాణంలో తక్కువకిస్తున్నరు" అని ఇంకొకరు. కుడిపక్క ఫోటోలో మనం తిట్టుకునే గుంపు ఉంది చూశారూ, అందులో సగం వీళ్ళు. ఎడమపక్క ఫోటో అంత ప్రశాంతంగా ఉండటానికి ఒక కారణం, వీళ్ళు అందులో లేకపోవడం. ఆ ప్రశాంతత నాకైతే అక్కర్లేదు.

మొన్న డిసెంబరులో ఇందాక చెప్పిన 1880ల ఫోటో ప్రతి ఒకటి పెద్దగా అచ్చు వేయించుకుని పత్తర్‌గట్టికి వెళ్ళాను. దాన్ని ఎత్తి పట్టుకుని మచ్లీ కమానుకేసి, కాగితంకేసి మార్చి మార్చి చూస్తుంటే పక్క దుకాణంలోంచి ఒక ముసలి దర్జీ బయటికొచ్చాడు. షేర్వానీలు కుట్టే దుకాణం. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క.

"సార్, మళ్ళ రోడ్డు వెడల్పు చేస్తరా?" అన్నాడు. ఆ దారిలో కాగితం పట్టుకుని గోడలు చూసేవాడెవడైనా సర్వేకు వచ్చినవాడే.

"లేదు చాచా, పాత ఫోటో. ఇది ఎక్కడో పోల్చుకుంటున్నా" అన్నాను.

చేయి కుర్తాకు తుడుచుకుని అందుకున్నాడు. అద్దాలు నుదుటి మీదికి తోసి, కాగితం ముక్కుకు ఆనించినంత దగ్గరగా పెట్టుకున్నాడు. చార్మినార్ పైనుంచి తీసిందని చెబితే తల ఊపాడు. మచ్లీ కమాన్ గుర్తుపట్టాడు. గుల్జార్‌హౌజ్ గుర్తుపట్టాడు. తర్వాత వేలితో కమాను దాటి పైకి జరుపుకుంటూ పోయి ఒకచోట ఆపాడు.

"మా దుకాణం ఈడ ఉండాలె."

"అప్పటికి ఈ కమానులు కట్టలేదు చాచా."

"తెల్సు. మా దాదా చెప్తుండె, ముందుగాల ఈడ పెంకల షెడ్డు అని. నేను ఉత్తగ అంటడేమో అనుకున్న." కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి తిరిగి కొడుకును పిలిచి చూపించాడు. కొడుకు ఫోను తీసి దాన్ని ఫోటో తీసుకున్నాడు. ఫోటోకు ఫోటో. వెలుతురు సరిపోలేదని వరండా అంచుకు తీసుకుపోయి మళ్ళీ తీశాడు.

చాచా ఇంకా వదల్లేదు. ఈసారి దారి మధ్యలో పొగలాగా ఒక ఆకారం ఉంటే దాని మీద వేలు పెట్టాడు. రెండు కాళ్ళు ఉన్నట్టూ లేనట్టూ, తలపాగా మాత్రం కొంచెం తెలుస్తోంది.

"ఈయన గిట్లెందుకున్నడు?"

"నడుస్తున్నాడు చాచా. ఆ రోజుల్లో కదిలితే అలా పడేది."

ఆయన దాన్ని ఇంకోసారి దగ్గరగా చూశాడు.

"నిలవడలే పాపం. దుకాణం తెరిచే టైమైనట్టుంది" అన్నాడు. కాగితం నా చేతికిచ్చి, గుమ్మంలో నిలబడ్డ పెళ్ళికొడుకు భుజాల కొలత తీసుకోవడానికి లోపలికి వెళ్ళిపోయాడు.